ఇరవైకి వెంట్రుకవాసి తక్కువ

1958లో మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్లు కావస్తోంది. నేను ఆ ఊరి హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరిన రెండో సంవత్సరం అది. పడమటి దిక్కున నల్లమల ఒక నీలం గీతలాగా కనిపించేది. ఊళ్లో మాత్రం అన్నిటి మీదా బూడిద రంగు పలక దుమ్మే. వేపాకుల మీద, కిటికీ చువ్వల మీద, పొద్దున ప్రార్థనకు నిలబడిన పిల్లల కనురెప్పల మీద కూడా. రాతిని బడిపిల్లల పలకలుగా కోసే షెడ్ల చప్పుడు రోజంతా వినబడుతూ ఉండేది. కొంతకాలానికి అది చెవికి సోకడం మానేసింది. ఆగినప్పుడే తెలిసేది.

ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. టీచరు పనిలో బాగా గుర్తుండిపోయిన సంగతి ఏదని ఎవరైనా అడిగితే, నేను చెప్పేది ఆ యేడు అక్టోబరు నెలలో జరిగిన ఒక లెక్క గురించే.

ఇప్పటివాళ్లకు లాగరిథమ్ టేబుల్ అంటే తెలియకపోవచ్చు. పెద్ద గుణకారాలను కూడికలుగా మార్చే పట్టికల పుస్తకం అది. ఏ సంఖ్యకు ఆ సంఖ్య లాగ్ చూసుకుని, వాటిని కూడి, వచ్చినదాన్ని మళ్లీ యాంటీలాగ్ పట్టికలో వెతికితే జవాబు దొరుకుతుంది. మా స్కూల్లో ఉన్నవి నాలుగంకెల టేబుళ్లు. అంటే ఏ జవాబులోనైనా మొదటి నాలుగు అంకెల వరకే వాటి పూచీ. పుస్తకం వెనక అట్ట లోపలి వైపున కొన్ని స్థిరాంకాలు, అంటే ఎన్నటికీ మారని సంఖ్యలు అచ్చువేసి ఉండేవి. వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే π, 3.1416. దాని పక్కనే e, 2.7183. ఈ రెండోది పాఠాల్లో లేదు. అయినా చెన్నమ్మ దాని గురించి అడిగింది.

చెన్నమ్మ పదకొండో తరగతి. ఆ సంవత్సరమే ఎస్సెస్సెల్సీ పరీక్ష రాయాలి. తర్లుపాడు దారిలో ఒక పల్లె వాళ్లది. గొర్రెల కాపరుల కుటుంబం. మార్కాపురంలో పలకల షెడ్డులో పనిచేసే చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకునేది. ఆ తరగతిలో ఆడపిల్లలు నలుగురే. ముగ్గురు కోమట్ల పిల్లలు, నాలుగోది ఈమె.

e అంటే ఏమిటో చెప్పడానికి నేను ఆమె మందనే తీసుకున్నాను. "ఒక్క గొర్రె ఉందనుకో. ఏడాది చివర ఒకేసారి రెట్టింపయితే రెండు అవుతాయి. అట్లా కాకుండా, ప్రతి క్షణం కొంచెం కొంచెంగా పెరుగుతూ, పెరిగిన ఆ కొంచెం కూడా మళ్లీ పెరుగుతూ పోతే, ఏడాది చివరికి 2.7183 గొర్రెలు ఉంటాయి."

"ఆ పాయింటు మీద ఏడు వేల చిల్లర గొర్రెకు తోక యాడుంటది టీచరమ్మా?" అంది. తరగతంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. ఆ సంఖ్యను నోట్లో చప్పరిస్తున్నట్టు చూస్తూ ఉండిపోయింది.

అక్టోబరు 9, గురువారం. బడి వదిలాక చెన్నమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి పలక పెట్టింది.

"ఇది చూడండి టీచరమ్మా. తప్పుంటే చెప్పండి."

e ని π ఘాతానికి ఎత్తి, వచ్చినదాంట్లోంచి π ని తీసేసింది. టేబుల్లో చూస్తే e కి లాగ్ 0.4343. దాన్ని 3.1416తో గుణిస్తే 1.3644. దాని యాంటీలాగ్ 23.14. అందులోంచి 3.14 తీసేస్తే 20.00.

నేను రెండుసార్లు చూశాను. ఎక్కడా తప్పు లేదు. ఆ సాయంత్రం ఎండ వాలుగా గదిలోకి పడుతోంది. ఆ వెలుతురులో తేలుతున్న పలక దుమ్ములో ఆ ఇరవై, దాని పక్కన ఆ రెండు సున్నాలు, ఎవరో అప్పుడే ఊది పెట్టినట్టు కనిపించాయి. ఎక్కడా ఆగని తోకలున్న సంఖ్యలు రెండు. ఒకటి గుండ్రానిది, ఒకటి పెరిగేది. రెండూ కలిసి వచ్చి ఒక పూర్ణ సంఖ్య గడప మీద కూర్చున్నాయి.

"ఈ రెండింటికీ చుట్టరికం ఏమన్నా ఉందా?" అని అడిగింది.

"ఇట్లా ఇరవై రావడానికి నాకు తెలిసిన చుట్టరికం ఏదీ లేదు."

"చుట్టరికం లేకుండానే ఇరవై నింపినాయి." పలక తనవైపు తిప్పుకుంది. "మావాళ్లు గొర్రెల్ని ఇరవైల లెక్కన లెక్కబెడతారు టీచరమ్మా. పొద్దుగూకి మంద దొడ్లోకి వచ్చేటప్పుడు ఇరవై నిండితే ఒక రాయి ఒళ్లో వేసుకుంటారు. నిండింది కాబట్టి మా నాయన ఉండాడు."

అప్పుడు అడిగితే మొత్తం చెప్పింది.

ఎండాకాలంలో మేత కోసం ఆమె నాయన పుల్లయ్య మరి ఇద్దరితో కలిసి మందను నల్లమలకు తోలుకుపోయాడు. తొలకరి పడ్డాక తిరిగి వస్తుంటే ఒక వాగు పొంగింది. మంద దాటింది, తోటివాళ్లు దాటారు. అవతలి గట్టున నాలుగు గొర్రెలు మిగిలిపోతే పుల్లయ్య వాటి కోసం వెనక్కి పోయాడు. అంతే. మనిషీ రాలేదు, గొర్రెలూ రాలేదు. వాగు తీశాక వెతికినా ఏమీ దొరకలేదు.

మూడు నెలలు చూశారు. ఇప్పుడు పెద్దల అమావాస్య దగ్గరపడింది. ఆ రోజు చనిపోయిన పెద్దలందరికీ పేరు పేరునా ముద్దలు పెడతారు. పుల్లయ్యకు పెట్టాలా వద్దా? పోయినవాడికి పెట్టకపోతే ఆకలితో తిరుగుతాడు. ఉన్నవాడికి పెడితే ఆయుష్షు తగ్గుతుంది. అందుకని చెన్నమ్మ తాత, పుల్లయ్య తండ్రి, వాళ్ల ఇంటి ఆచారం ప్రకారం అమ్మవారి ముందు గుప్పెడు జొన్నలు పోసి జతలు జతలుగా తీశాడు. జతలన్నీ సరిపోతే మనిషి ఉన్నట్టు. చివర ఒక గింజ మిగిలింది.

"అమావాస్య రోజు మా నాయనకు ముద్ద పెడతారు. మా అమ్మ గాజులు పగలగొడతారు," అంది చెన్నమ్మ. "నేను జొన్నల్ని నమ్మను. లెక్కను నమ్ముతా. అందుకనే అడిగినా. తోకలున్న నెంబర్లు రెండు కలిపి నిండు నెంబరు వస్తే నాయన ఉన్నట్టు, రాకపోతే లేనట్టు అని మొక్కుకోని చేసినా. ఎన్ని రకాలుగా చేసినా రాలేదు. ఇది వచ్చింది."

అమావాస్య 12వ తేదీ, ఆదివారం.

ఆమె నన్ను అడిగింది లెక్కలో తప్పుందా అని. అడిగినదానికి జవాబు చెప్పడమే టీచరు పని అని నా నమ్మకం.

"లెక్కలో తప్పు లేదు. టేబుల్లో నాలుగంకెలే ఉన్నాయి. ఇరవై తర్వాత రెండు సున్నాల దాకా అది చెప్పగలదు. మూడో చోట ఏముందో దానికి తెలియదు."

"సున్నానే ఉండొచ్చు గదా?"

"ఉండొచ్చు."

"టేబుల్ లేకుండా చేసే దారి ఉందా?"

ఉంది. డిగ్రీలో నేర్చుకున్న ఒక సీరీస్ అది. సీరీస్ అంటే ఒక పద్ధతిలో వరసగా వచ్చే పదాల కూడిక. మొదటి పదం ఒకటి. దాన్ని π తో గుణించి ఒకటితో భాగిస్తే రెండో పదం. దాన్ని π తో గుణించి రెండుతో భాగిస్తే మూడోది. ఆ తర్వాత మూడుతో, నాలుగుతో, అట్లా పోతూ ఉండాలి. పదాలు కొంతదూరం పెద్దవవుతాయి, తర్వాత చిన్నబోతాయి, చివరకు కంటికి ఆనవు. అన్నీ కలిపితే e ని π ఘాతానికి ఎత్తినప్పుడు వచ్చే విలువ. ఒక్కో పదానికి ఏడు దశాంశాల దాకా చేత్తో గుణకారం, భాగహారం చేయాలి. ఒక్క అంకె జారినా దాని వెనకవన్నీ జారతాయి.

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం వరండాలో మొదలుపెట్టాం. అంచులు విరిగి అమ్మకానికి పనికిరాని పలకల్ని చెన్నమ్మ చిన్నమ్మ గంపలో తలమీద పెట్టుకుని తెచ్చింది.

"ఇన్ని పలకలు ఏం జేసుకుంటారు తల్లీ? ఇల్లు కప్పుకుంటారా?" అంది నాతో. అక్కకూతురి ముఖం చూసి, ఆ పిల్ల చేసే లెక్క ఏమిటో తెలుసు కాబట్టి, నవ్వు ఆపేసి గంప దించింది. "చెయ్యండి. నేను పనికాడికి పోవాల."

పదానికో పలక. నేనొక చోట, చెన్నమ్మ ఒక చోట, ఒకరి లెక్క ఒకరం చూడకుండా చేసి, రెండూ కలిస్తేనే పలక మీద ఎక్కించాం. ఎక్కించిన పలకను వరండా అంచున వరసగా ఆనించాం. 1. 3.1415927. 4.9348022. 5.1677128. అక్కడి నుంచి దిగడం మొదలు. 4.0587121. 2.5501640. షెడ్ల చప్పుడు దూరం నుంచి ఒకే తీరున వస్తోంది. ఎండ పలకల మీదికి జరిగింది. నల్లటి పలకలు ఒక్కొక్కటే నీలంగా, తర్వాత వెండిలాగా మారుతున్నాయి. అంకెలు ఆ వెలుతురులో పలక మీద ఉన్నాయా, పలక పైన గాలిలో ఉన్నాయా అన్నట్టుండేది. నాకు ఆకలి తెలియలేదు. ఆమెకూ తెలియలేదనుకుంటాను.

ఇరవై నిండాలంటే మొత్తం 23.1415927 రావాలి. తొమ్మిదో పలక కూడేసరికి 23.0228. పదో పలకకు 23.1050. పదకొండో దానికి 23.1308.

"వస్తాంది టీచరమ్మా," అంది చెన్నమ్మ గుసగుసగా, గట్టిగా అంటే బెదిరి పోతుందన్నట్టు.

పన్నెండో పలకకు 23.1382. పదమూడో దానికి 23.1401. ఇంక కావలసింది 0.0015. ఆ తర్వాతి పలక మీద రాసింది 0.0004663. దాని తర్వాత 0.0001046.

నాకు అప్పటికే అర్థమైంది. ఆమెకు కూడా అర్థమైందని ఆమె చెయ్యి నెమ్మదించడం వల్ల తెలిసింది. పదాలు తగ్గే తీరు చూస్తే ఇక మిగిలినవన్నీ కలిపినా కావలసినంత కావు. అయినా ఆపుదామని ఇద్దరమూ అనలేదు. 0.0000219. 0.0000043. కంటికి కనబడనంత చిన్న పదాల కోసం కూడా బలపం చెక్కి మొన తీసింది. చివరకు మొత్తం 23.1406 దాటి, 23.1407కు కాస్త ఇవతల ఆగిపోయింది.

π తీసేస్తే 19.9991.

ఆ సరికి షెడ్ల చప్పుడు ఆగింది. ఊరు ఒక్కసారిగా విశాలమైనట్టనిపించింది. చెన్నమ్మ ఆ సంఖ్యను చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. "ఒక్క వెంట్రుక. ఒక్క వెంట్రుకవాసి," అంది.

గేటు దగ్గర ఎవరో దగ్గారు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. చెన్నమ్మ తాత. మరుసటి రోజు అమావాస్యకు పిల్లను ఇంటికి తీసుకుపోవడానికి సాయంత్రం బస్సుకు దిగాడు. చిన్నమ్మ ఇంటికి పోతే బళ్లో ఉందని చెప్పారట.

"దండాలమ్మా పంతులమ్మా," అన్నాడు. వరండాను ఈ చివరి నుంచి ఆ చివరికి చూశాడు. "ఏందమ్మా ఇది, పలకలు ఎండబోసినారా? వానొస్తే నానిపోవా?"

"మీ మనవరాలు లెక్క చేసింది, తాతా. కూర్చోండి."

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. కర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు. ఆ ముసలాయనకు చదువు రాదు. ఆ పలకల మీద ఏముందో చెప్పగలిగినవాళ్లం అక్కడ ఇద్దరమే ఉన్నాం. ఇరవై వచ్చిందని చెన్నమ్మ ఒక్క మాట అంటే, కాదనేవాళ్లు మార్కాపురం తాలూకాలో నేను తప్ప ఎవరూ లేరు. నేను అంటానో లేదో నాకే తెలియదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"తాతా," అంది చెన్నమ్మ. "నువ్వు జొన్నలు పోసినట్టే నేనూ ఒకటి అడిగినా. నాయన గురించి. ఇరవై నిండితే ఉండాడని."

ముసలాయన చేతులు కర్ర మీద బిగుసుకున్నాయి. "నిండిందా?"

"బుక్కులో నిండింది. ఒట్టి చేత్తో చేస్తే నిండలా. తక్కువొచ్చింది."

"ఎంత తక్కువ?"

"ఇరవై గొర్రెలు ఉంటే, అందులో ఒక గొర్రె. ఆ గొర్రెకు ఒక చెవి. ఆ చెవి కొన మీద నూగు. అంత."

ఆయన వరసగా ఆనించి ఉన్న పలకల వైపు చూశాడు. తర్వాత చిన్నపిల్లవాడిలాగా, ఎటో చూస్తూ అడిగాడు. "అంత తక్కువకు ఇరవై అనుకోరాదా అమ్మీ?"

ఆ మాట వినేదాకా నాకు తట్టలేదు. జొన్నలు పోసినప్పుడు ఆ ఒక్క గింజ మిగలకూడదని అందరికంటే ఎక్కువ కోరుకున్నది ఆయనే.

"అనుకోగూడదు తాతా," అంది చెన్నమ్మ. ఇప్పుడు ఏడుస్తోంది. "నిండలేదు. నిండలేదంటే నాయన లేడని నేను అనాల, మొక్కుకున్నా గాబట్టి. మద్దేనం నుంచి చేస్తానే ఉండా. ఒక్కో పలకా చేసినా. యాడ కూడా నాయన లేడు తాతా ఈ లెక్కలో. వాగు లేదు. ఆ నాలుగు గొర్రెలు లేవు. ఏం లేదు. గుండ్రంది ఒకటి, పెరిగేది ఒకటి. వాటికి నాయన ఎవురో తెల్దు. ఇంత దగ్గరికి వచ్చినాయి, ఊరికేనే వచ్చినాయి. నిండినా ఊరికేనే నిండేటివి."

ఇంత చెప్పినా ఆమె మళ్లీ జొన్నల మాట ఎత్తలేదు. ఎత్తుతుందని నేను చూశాను. ఎత్తలేదు.

ముసలాయన లేచి చివరి పలక దగ్గరికి వెళ్లి వంగాడు. వేలు ముట్టించకుండా అంకెల మీదుగా ఒక్కొక్కటే పోనిచ్చాడు.

"నీ లెక్క నీకు ఎదురొచ్చిందని నీ నోటితో నువ్వే చెప్తివి," అన్నాడు. "ఇరవై వచ్చిందని ఉంటే, నీ ఇరవై ఎక్కువా నా గింజ ఎక్కువా అని కొట్లాడేవాణ్ణి. గెలిచేవాణ్ణి కూడా." నిటారుగా నిలబడ్డాడు. "ఆ జొన్నలు మా తాత పోసినాడు, మా నాయన పోసినాడు. నేనూ పోసినా. వాటికి మాత్రం పుల్లిగాడు ఎవురో తెలుసా?"

ఆయన కర్ర నేలకు ఆనించాడు.

"పోదాం పా. మీ అమ్మ గాజులు మీ అమ్మవి. రేపు వానికి ముద్ద పెట్టను. ఆకలైతే వచ్చి అడగనీ, యా లోకంలో ఉన్నా." గొంగడి సర్దుకుని నావైపు తిరిగాడు. "బస్సు ఉంటదా అమ్మా?"

"ఆఖరి బస్సు ఇంకా రాలేదు. పరుగెత్తితే దొరుకుతుంది."

"నా వయసులో పరుగెత్తేదేముంది, అదే నిలబడతాదిలే," అంటూ వెళ్లాడు. చెన్నమ్మ కళ్లు తుడుచుకుంటూ వెనకే పోయింది. పలకలు అక్కడే ఉండిపోయాయి. ఆ రాత్రి నిజంగానే వాన పడింది. తెల్లారి చూస్తే పలకలన్నీ కడిగినట్టు నల్లగా ఉన్నాయి.

పుల్లయ్య తిరిగి వచ్చాడా అని ఈ సంగతి విన్నవాళ్లందరూ అడుగుతారు. రాలేదు. చెన్నమ్మ ఎస్సెస్సెల్సీ ప్యాసయింది. టీచరు ట్రైనింగు చేసి గిద్దలూరు వైపు ఒక ప్రైమరీ స్కూల్లో చేరింది. 1970లో మా తాలూకాలు కర్నూలు నుంచి విడిపోయి కొత్త జిల్లాలో కలిసిన ఏడాది, నన్ను చూడడానికి వచ్చింది. మాటల మధ్యలో చెప్పింది. "అమ్మ గాజులు తీసేసింది టీచరమ్మా. ఎవురూ చెప్పలేదు. ఒక పొద్దున లేచి, గొర్రెలకు నీళ్లు పెట్టి వచ్చి, తనకు తానే తీసి గూట్లో పెట్టుకుంది. పగలగొట్టలేదు."

ఆ అక్టోబరు తర్వాత ఏ తరగతికి లాగరిథమ్ టేబుల్ ఇచ్చినా మొదట ఒక మాట చెప్పేదాన్ని. ఈ పుస్తకానికి నాలుగంకెలు తెలుసు. ఐదోది దీన్ని అడగకండి, ఇది చెప్పిందని ఎవరికీ చెప్పకండి. పిల్లలు తలూపేవాళ్లు. తలూపడం వేరు, తెలియడం వేరు. చెన్నమ్మ పదిహేడు పలకలు రాసి తెలుసుకుంది. ఆమె పక్కన కూర్చుని నేనూ తెలుసుకున్నాను. అంతకుముందు లెక్క సరిగ్గా రావడమే నాకు గొప్పగా ఉండేది. రాని లెక్కను రాలేదని, వచ్చిందని వినాలని ఎదురుచూసే మనిషి ముఖం మీద చెప్పడం ఎంత బరువో, అది ఎంత దూరం పనిచేస్తుందో అప్పుడు చూశాను.

ఆ రెండు సంఖ్యలు ఇరవైకి అంత దగ్గరగా ఎందుకు వస్తాయో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని తహతహ కూడా లేదు. మధ్యాహ్నం పూట నడుం వాల్చినప్పుడు అప్పుడప్పుడు ఆ పదాలను మనసులో వరసగా పిలుస్తాను. మందలాగా వస్తాయి. ముందు ఒకటి. వెనక మూడు, ఐదుకు అటూ ఇటూగా పెద్దవి, దుమ్ము లేపుకుంటూ. ఆ వెనక చిన్నవి, ఇంకా చిన్నవి, చివరకు అడుగుల చప్పుడు లేని పిల్లలు. అన్నీ దొడ్లోకి దాటాక దారి ఖాళీగా ఉంటుంది. ఇంక రావలసినవి లేవన్న లెక్క నాకు తెలుసు. అయినా కంప అడ్డం వేసే ముందు, ఒకసారి ఆ దారి వైపు చూస్తాను.